చదరపు అడుగు చెప్పని లెక్క

మా ఆవిడ మన బ్యాంకులో ఆఫీసరు. నేను క్వాంటిటీ సర్వేయరును. "అంటే ఏం చేస్తారండీ?" అని బ్యాంకు కుటుంబాలు కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. కట్టడంలో ఏ పని ఎంత ఉంటుందో డ్రాయింగు చూసి లెక్కగట్టడం, పని జరిగాక టేపుతో కొలవడం, కొలిచినదానికే బిల్లు చెల్లేలా చూడడం నా ఉద్యోగం. ఇల్లు కట్టుకునేవారికి పనికొచ్చే సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి. నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను.

మా బావమరిది ఊళ్లో ఇల్లు మొదలుపెడుతూ, భోజనాల దగ్గర "బావా, అడుగుకి ఎంతవుతుంది?" అన్నాడు. స్థలం చూడకుండానే ఒక అంకె చెప్పేశాను. దాన్నిబట్టే హోమ్ లోను తీసుకున్నాడు. తీరా తవ్వితే నల్లరేగడి. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. గట్టి నేల తగిలేదాకా దిగాల్సిందే. 4 అడుగులనుకున్న పునాది 7 అడుగులకు వెళ్లింది.

ఇక లెక్క చూడండి. గుంత 5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. 4 అడుగుల లోతుకు 100 ఘనపుటడుగులు, 7 అడుగులకు 175. మొత్తం 12 గుంతలు, అంటే 900 ఘనపుటడుగుల తవ్వకం అదనం. పూడ్చడానికి గ్రావెలు, ప్రతి పిల్లరుకూ 3 అడుగుల కాంక్రీటు, ఇనుము వేరే. ఇంటి వైశాల్యం మాత్రం ఒక్క అడుగు కూడా పెరగలేదు! నేను చేయాల్సిందల్లా ముందు ఒక గుంత తవ్వించి చూడమనడమే. రోజూ ఇతరులకు చెప్పే మాట ఇంట్లోవాడికి చెప్పలేదు.

ఇనుము దగ్గర జాగ్రత్తపడ్డాం. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీకి సుమారు 0.89 కిలో. కాటా చీటీని దీనితో పోల్చుకోవచ్చు.

ప్లాస్టరింగు వచ్చేసరికి డబ్బు బిగిసింది. మేస్త్రీ బిల్లులో తలుపులు, కిటికీల ఖాళీలు తీసేయలేదు. బావమరిదేమో గోడకు రెండు వైపులా తీసేయాలని పట్టుబట్టాడు. నేను టేపు పట్టుకుని వెళ్లాను. కిటికీలు 8, ఒక్కోటి 16 చదరపు అడుగులు. తలుపులు 6, ఒక్కోటి 24.5. మొత్తం 275.

"సార్, కిటికీ లోపలి అంచులు పూసింది మేం కాదా?" అన్నాడు మేస్త్రీ. న్యాయమే. అంచుల పని విడిగా కొలవడం తలనొప్పి. అందుకే కొలతల ప్రమాణం ఐఎస్ 1200 మధ్యేమార్గం చెబుతుంది: అర చదరపు మీటరు దాకా ఖాళీని తీసేయనక్కర్లేదు, అది దాటి 3 చదరపు మీటర్ల దాకా ఒక వైపే తీసేయాలి, అంతకన్నా పెద్దదైతే రెండు వైపులా తీసేసి, అంచులు కొలిచి కలపాలి. మా తలుపులు, కిటికీలు అన్నీ మధ్య రకమే. కనుక బిల్లులో తగ్గేది 275. సున్నా కాదు, 550 కాదు. ఇద్దరూ కాస్త గొణిగి ఒప్పుకున్నారు.

లోను విడతలు ఇచ్చేటప్పుడు బ్యాంకు పని ఏ దశకు వచ్చిందో చూస్తుంది. మేస్త్రీ బిల్లులో కొలతలు సరిచూసుకోవలసింది మనమే. పని మొదలవకముందే కొలిచే పద్ధతి కాగితం మీద రాసుకుంటే ఈ గొడవే ఉండదు.

పునాది మింగిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. దాన్ని ప్రహరీ గోడ ఖర్చులోంచి సర్దాం. ఇప్పటికీ ఆ ఇంటికి ప్రహరీ లేదు. పక్కింటి మేకలు మా అత్తగారి గోంగూర మడిలో పడ్డప్పుడల్లా ఆవిడ నావైపే చూస్తారు.