బండికి వేసే ముందు బోర్లించి చూద్దాం

పోయిన రంజాన్‌కు ముందు ఇల్లు సర్దుతూ మా వీధిలోని ఒక పెద్దావిడ ఆరు షర్బత్ గ్లాసులను పాత సామాన్ల బండికి వేయబోయారు. పెళ్లినాడు పుట్టింటివారు పెట్టినవి. "పాతవైపోయాయి టీచరమ్మా, ఇప్పుడెవరు తాగుతారు వీటితో?" అన్నారు. పక్కనే ఉన్న మేమిద్దరం టీచర్లం ఒక గ్లాసును బోర్లించి చూశాం. అడుగున ఇంగ్లీషులో 'జైన్' అనే అక్షరాలు ఉన్నాయి. బండిని కాసేపు ఆపమన్నాం.

ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ గాజులకు పేరుపొందిన ఊరు. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ తయారుచేసిన ఇటువంటి గ్లాసులనూ పూలకుండీలనూ నేడు విదేశాల్లో కూడా సేకరిస్తున్నారు. ఈ రకాన్ని కార్నివాల్ గ్లాస్ అంటారు. అమెరికాలో ఫెంటన్ కంపెనీ 1907లో దీన్ని మొదలుపెట్టింది. వేడి గాజును అచ్చులో నొక్కి, చల్లారకముందే లోహ లవణాల ద్రావణం చల్లుతారు. అప్పుడు నీటిపై తేలే నూనెలా రంగురంగుల మెరుపు వస్తుంది. ఖరీదైన కళాగాజు కొనలేని ఇళ్లకు ఇది చౌకగా అందింది. తర్వాతి కాలంలో తిరునాళ్లలో బహుమతులుగా పంచారు కనుక ఆ పేరు స్థిరపడింది.

గుర్తుపట్టడానికి నాలుగు పనులు చేయాలి.

మొదటిది, అసలు రంగు చూడటం. పైమెరుపును చూసి రంగు చెప్పకూడదు. మెరుపు అంటని అడుగుభాగాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టాలి. పైకి నారింజ రంగులో కనిపించేది చాలాసార్లు లోపల తెల్లగాజే.

రెండవది, వేలితో తడిమి చూడటం. నిలువుగా సన్నని అతుకుగీత తగిలితే అచ్చులో పోసినదని అర్థం. చేత్తో కోసిన గాజులో నగిషీ అంచులు పదునుగా ఉంటాయి, అచ్చుగాజులో కాస్త మొద్దుగా ఉంటాయి.

మూడవది, ముద్ర వెతకడం. అయితే ముద్ర ఒక్కటే రుజువు కాదు. ఫెంటన్ వారి తొలినాటి కార్నివాల్ సామానుపై అచ్చుముద్ర లేదు. కోడిగుడ్డు ఆకారపు గీతలో పేరు ఉంటే అది 1970 తర్వాతది. అంటే ఇక్కడ ముద్ర లేనిదే పాతది కావచ్చు!

నాలుగవది, అంచు పరీక్షించడం. చిన్న పెచ్చు ఊడినా, సన్నని బీట ఉన్నా విలువ బాగా తగ్గుతుంది.

కడిగేటప్పుడు గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. పీచుతో, పొడితో రుద్దితే మెరుపు పోతుంది. మరిగే నీళ్లు పోస్తే పగలవచ్చు.

ఆ గ్లాసులకు ఎంత ధర వస్తుందో మేము చెప్పలేదు. పాతదంతా ఖరీదైనది కాదు. కానీ అవి ఏమిటో, ఎక్కడివో ఆమెకు తెలిశాయి. అమ్మినా, దానమిచ్చినా తెలిసి ఇవ్వడం వేరు, కిలోల లెక్కన పోగొట్టుకోవడం వేరు. ఆ రంజాన్‌లో ఇఫ్తార్ షర్బత్‌ను మనవలకు ఆ గ్లాసుల్లోనే పోసి ఇచ్చారు.

మీ ఇంటి అలమరాలోనూ అటువంటివి ఉండవచ్చు. బండికి వేసే ముందు ఒక్కసారి బోర్లించి చూడండి.