జల్లించడం అంటే పారేయడం కాదు

పర్వత్ పాటియాలో మన తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడతారు. బడిలో ఇంగ్లీషు. వారిని తికమకపెట్టే ఇంగ్లీషు క్రియ ఒకటి ఈసారి చూద్దాం: సిఫ్ట్. మరమగ్గాల ఊరు కదా, వినగానే 'షిఫ్ట్' అనుకుంటారు. అది వేరు. సిఫ్ట్ అంటే జల్లించడం. జల్లెడ పేరు 'సివ్'. 'సీవ్' అని సాగదీయకూడదు. రెండు మాటలదీ ఒకే మూలం.

మన వంటింట్లో ప్రతి పనికీ వేరే క్రియ ఉంది. పిండి జల్లిస్తాం, చాటతో చెరుగుతాం, టీ వడకడతాం, బియ్యం నీళ్లలో గాలించి రాళ్లు వేరు చేస్తాం. సిఫ్ట్ మొదటి పనికే సరిపోతుంది. చెరగడం 'విన్నో', వడకట్టడం 'స్ట్రెయిన్'.

ఇక రెండో అర్థం. 'సిఫ్ట్ త్రూ ద ఫైల్స్' అన్నప్పుడు చేతిలో జల్లెడ ఉండదు. ఫైళ్లన్నీ ఓపికగా చూసి కావలసింది పట్టుకోవడం. తెలుగులోనూ అంతే: పోలీసులు ఊరంతా గాలించారు, జల్లెడ పట్టారు అని పేపర్లో చదువుతుంటాం.

చాలామంది దీన్ని 'రిజెక్ట్' అనే అర్థంలో వాడతారు. అది సరికాదు. సూరత్‌లోనే వజ్రాల పని చూడండి. చిన్న వజ్రాలను నంబర్ల వారీగా చిల్లులున్న జల్లెడలతో సైజులుగా విడదీస్తారు. పైన నిలిచిందీ సరుకే, కింద పడిందీ సరుకే.

బ్యాంకులో నాకు ఈ తేడా రోజూ పనికొస్తుంది. తెలుగు కార్మికుడి ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఇక్కడ తీసుకున్న మరో కాగితంలో గుజరాతీ పద్ధతిలో తండ్రి పేరు చేరుతుంది. 'పేరు కలవలేదు' అని వెంటనే తిప్పి పంపితే అతనికి ఒక రోజు కూలి పోతుంది. పుట్టిన తేదీ, ఫొటో, చిరునామా పోల్చి, ఇంకా ఏ కాగితం కావాలో ఒకేసారి చెప్పడం సిఫ్ట్ చేయడం. అన్నీ చూశాక కూడా మనిషి వేరని తేలితే అప్పుడు కాదనవచ్చు. ఆ కాదనడం సిఫ్ట్ తర్వాతి మెట్టు.

పిల్లలకు అభ్యాసం: ఈ మూడింటిలో ఎక్కడ 'సిఫ్ట్', ఎక్కడ 'సిఫ్ట్ త్రూ' వస్తుందో చెప్పించండి. ఇసుక జల్లించారు. పాత ఫొటోలన్నీ వెతికాను. వచ్చిన దరఖాస్తులన్నీ పరిశీలించారు. మొదటిదానికి సిఫ్ట్, మిగతా రెండింటికీ సిఫ్ట్ త్రూ.