తీగలేని హెడ్‌ఫోనులు: గుణదోషములు

పదవ తరగతి చదువుచున్న యొక బాలుడు మొన్నటి వేసవి సెలవులలో బ్లూటూత్ హెడ్‌ఫోనులు కొని పెట్టుమని తండ్రిని కోరెను. వారిది చిన్న యిల్లు. ఒక మూల కుట్టుమిషను, ఒక మూల టెలివిజను. ఆ సందడిలో ఫోనునందలి పాఠములు వానికి వినబడవు. కాని రాత్రులందు మంచమున పడియున్న నానమ్మకు కాపుండువాడును వాడే. చెవులు మూసికొన్నచో ఆమె పిలుపు వినునా యని తండ్రికి దిగులు. ఆయన మమ్ము సలహా యడిగెను. మాకు వెంటనే ఉత్తరము తోచక, మేమే యొక జత తెచ్చుకొని రెండు మాసములు దినదినము వాడి చూచితిమి.

ముందుగా పేరు సంగతి. పదవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హెరాల్డు అను రాజునకు “నీలిపన్ను” అను నర్థముగల మారుపేరు కలదు. బ్లూటూత్ అనగా నదియే. 1994వ సంవత్సరమున స్వీడను దేశపు ఎరిక్‌సన్ సంస్థలో ఈ పద్ధతిపై పని మొదలయ్యెను. 1998లో ఐదు సంస్థలు కూడి దీనికొక సంఘము నేర్పరచినవి. రాజు పన్ను నిజముగా నీలమేనా యని మా విద్యార్థులు తప్పక యడుగుదురు. ఆ ప్రశ్న చరిత్రోపాధ్యాయులకు విడిచితిమి.

ఇది పనిచేయు విధము తెలిసికొన దగినది. ఫోను పాటను అంకెలుగా మార్చి, 2,402 మొదలు 2,480 మెగాహెర్ట్జుల వరకు గల రేడియో తరంగములపై పంపును. ఆ మేరలో 79 దారులు కలవు. ఫోనును హెడ్‌ఫోనును సెకనునకు 1,600 మారులు దారి మార్చుచుండును. కోతికొమ్మచ్చి యాడు పిల్లలిద్దరు ముందే యొప్పందము చేసికొని, ఏ క్షణమున ఏ కొమ్మకు దుముకవలెనో తప్పక, కలిసి దుముకుచున్నట్లు భావింపుడు. ఒక కొమ్మపై నింకొకరు కూర్చుండియున్నచో, కొంతసేపటికి ఆ కొమ్మను విడిచి మిగిలినవానిపై నాడుదురు. అందుచేతనే ఒకే రైలుపెట్టెలో పదిమంది పది పాటలు వినుచున్నను ఒకరి పాట వేరొకరి చెవిని పడదు. ఇందులకు కావలసిన శక్తి కొద్ది మిల్లీవాట్లు మాత్రమే. కావున సాధారణముగా పది మీటర్లు దాటినచో సంబంధము సడలును. మన దేహమున నీరెక్కువ; నీరు ఈ తరంగములను పీల్చుకొనును. ఫోను వెనుక జేబులో నున్నప్పుడు మాకు పాట తెగితెగి వచ్చుటకు కారణమిదియే. మైక్రోవేవు పొయ్యియు ఇంచుమించు ఈ తరంగములనే వాడును. దాని యొద్ద నిలిచినప్పుడును మాకట్లే జరిగినది.

తీగ లేకుండుట వలని సుఖము వాడినవారికే తెలియును. తీగ చిక్కుపడదు, తలుపు గడియకు తగులుకొనదు, మొదలు తెగి ఒక చెవి మూగవోదు. కొన్ని హెడ్‌ఫోనులలో బయటి రొదను అణచు నేర్పాటు కలదు: చిన్న మైకు ఆ రొదను విని, దానికి ఎదురు తరంగమును పుట్టించి, రెండింటిని చెల్లు పెట్టును. ఫ్యాను హోరు, బస్సు ఇంజను ధ్వని బాగుగా తగ్గును. మనుష్యుల మాటలు అంతగా తగ్గవు. రొద తగ్గినచో పాటను బిగ్గరగా పెట్టనక్కరలేదు. ఇది చెవికి మేలు.

ఆ మేలే మాకొకనాడు కీడు కాబోయినది. సంతరోజున రోడ్డు దాటుచుండగా వెనుకనుండి వచ్చిన లారీ హారను మేము వినలేదు. జామపండ్లమ్ము నొక అమ్మ మా చేయి పట్టి లాగి, “చెవులున్నవి దేనికయ్యా?” అని కసరెను. ఆనాటినుండి రోడ్డుమీద వానిని సంచినుండి తీయుట మానితిమి.

మఱికొన్ని లోపములు గలవు. కాంపాక్టు డిస్కునందు సెకనునకు సుమారు 1,411 కిలోబిట్ల సమాచారముండగా, బ్లూటూత్ సాధారణ పద్ధతి దానిని 328 కిలోబిట్లకో అంతకు దిగువకో కుదించి పంపును. పాఠములకు, సామాన్యమైన పాటలకు ఈ భేదము మా చెవికి తెలియలేదు. ఆలస్యము మాత్రము తెలిసినది. కీబోర్డు మెట్టు నొక్కిన పిమ్మట స్వరము వెనుకబడి వచ్చుచుండెను. సంగీతము సాధన చేయువారికి తీగయే శరణ్యము. బ్యాటరీ సంగతి యింకను విచారకరము. లిథియం బ్యాటరీ ఏండ్లు గడిచినకొలది నీరసించును. గింజలవంటి ఇయర్‌బడ్లలో దానిని మార్చుట మిక్కిలి కష్టము, కావున మంచి వస్తువును మొత్తముగా పారవేయవలసి వచ్చును.

తరంగములచే మెదడు చెడునని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. చెవికానించుకొని మాటలాడు ఫోనుకంటె వీని శక్తి చాల తక్కువ. భయపడవలసినది ధ్వనికి. లోచెవియందలి సున్నితమైన రోమకణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. 80 డెసిబెల్సు ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పుచున్నది. పిల్లలకు 75 డెసిబెల్సే. ధ్వని మూడు డెసిబెల్సు పెరిగినకొలది వ్యవధి సగమగును. 90 డెసిబెల్సు వద్ద పెద్దలకు సైతము వారమునకు నాలుగు గంటలే! తీగ యున్నను లేకున్నను ఈ లెక్క యొకటే. కాని తీగలేనివి చెవిలో నున్నవను మాటయే మరపునకు వచ్చును. మేమొకనాడు పాట ముగిసిన గంటకుగాని తీయలేదు.

ఇవన్నియు తండ్రికి చెప్పి, ఇయర్‌బడ్లలో ఒకదానినే పెట్టుకొనియు వినవచ్చునని తెలిపితిమి. ఆయన రొదనణచు నేర్పాటు లేని జతను కొనెను. రాత్రివేళ బాలుడు గోడవైపు చెవికి ఒకటి పెట్టుకొనును. రెండవది డబ్బీలోనే యుండును. మొదటిరాత్రి తండ్రి వాకిట నిలిచి పరీక్షించెను. నానమ్మ సన్నని గొంతుతో మూడుమారులు పిలిచెను. రెండుమారులు పలికి, మూడవమారు పిల్లవాడు, “మంచినీళ్లా నానమ్మా?” అనుచు లేచి వచ్చెను.