‘పిక్ అప్’ - మాట ఒకటి, అర్థాలు ఏడు

ఆరో తరగతి సగంలో ఉండగా కొత్త బడిలో చేరాను. మా నాన్నగారిది వైమానిక దళంలో ఉద్యోగం. బదిలీకి బడి సంవత్సరంతో పనిలేదు కదా! మొదటిరోజు ఇంగ్లీషు పీరియడ్‌లో మేడమ్ వస్తూనే, “లెటస్ పిక్ అప్ వేర్ వుయ్ లెఫ్ట్ ఆఫ్” అన్నారు. నాకు తెలిసిన ‘పిక్ అప్’ ఒక్కటే: కిందున్నది పైకి తీయడం. ఏదో తీయమంటున్నారనుకుని, బెంచీ కిందున్న సంచీ తీసి బల్లమీద పెట్టాను. పక్కబ్బాయి నవ్వాడు. వెనక బెంచీలవాళ్లూ నవ్వారు. “నిన్న ఆపినచోట నుంచి మొదలుపెడదాం” అని దాని అర్థమట. ఇంటర్వెల్‌లో ఆ పక్కబ్బాయే చెప్పాడు. నిన్న వాళ్లు ఎక్కడ ఆపారో నాకెలా తెలుస్తుంది? నిన్న నేను వేరే ఊళ్లో ఉన్నాను!

ఆ సాయంత్రం నిఘంటువు తీసి చూశాను. నాలాగా బడులు మారే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

క్రియకు ‘అప్’, ‘డౌన్’, ‘ఆఫ్’ లాంటి చిన్నమాట చేరి కొత్త అర్థం వస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఒట్టి ‘పిక్’ అంటే కోయడం, ఎంచుకోవడం. పువ్వులను పిక్ చేస్తాం, ఆటకు జట్టును పిక్ చేస్తాం. దానికి ‘అప్’ తోడైతే ముఖ్యంగా ఈ ఏడు అర్థాలు వస్తాయి.

1. తీయడం, ఎత్తడం. “షి పిక్డ్ అప్ ద పెన్.” దీనికి సమానార్థకం ‘లిఫ్ట్’. అయితే ‘లిఫ్ట్’లో కాస్త బరువు ధ్వనిస్తుంది. ట్రంకుపెట్టెకు ‘లిఫ్ట్’, పెన్నుకు ‘పిక్ అప్’ బాగుంటాయి.

2. వెళ్లి తీసుకురావడం, బండిలో ఎక్కించుకోవడం. “పాపా విల్ పిక్ మి అప్ ఎట్ ద స్టేషన్.” ఇక్కడ ‘కలెక్ట్’ అనవచ్చు. ఆఫీసుకు వెళ్లి టీసీ తెచ్చుకున్నా ‘కలెక్ట్’ సరిపోతుంది. దింపి రావడమైతే ‘డ్రాప్ ఆఫ్’.

3. ఫోన్ ఎత్తడం. సమానార్థకం ‘ఆన్సర్’. ఇక్కడ తెలుగూ ఇంగ్లీషూ ఒకే దారిలో నడిచాయి. మనమూ ‘ఎత్తడం’ అనే అంటాం.

4. పుంజుకోవడం. “ద ట్రెయిన్ పిక్డ్ అప్ స్పీడ్” అంటే రైలు వేగం పుంజుకుంది. ఇక్కడ ‘గెయిన్’, ‘గ్యాదర్’ సరిపోతాయి. “సేల్స్ హ్యావ్ పిక్డ్ అప్” అంటే అమ్మకాలు పుంజుకున్నాయి. ఇక్కడ ‘ఇంప్రూవ్’ అనాలి. ఇంగ్లీషులో సమానార్థకం మారినా, తెలుగులో రెండుచోట్లా ‘పుంజుకోవడం’ ఒక్కటే చాలు.

5. జబ్బు అంటుకోవడం. “ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్” అంటే నాకు జలుబు పట్టుకుంది. సమానార్థకం ‘క్యాచ్’.

6. ఆపినచోట నుంచి కొనసాగించడం. నన్ను నవ్వులపాలు చేసింది ఇదే. సమానార్థకాలు ‘రిజ్యూమ్’, ‘కంటిన్యూ’.

7. వినివిని నేర్చుకోవడం. “హి పిక్డ్ అప్ అస్సమీస్ ఫ్రమ్ హిజ్ ఫ్రెండ్స్.” ‘లెర్న్’ దీనికి దగ్గరి మాట. తెలుగులో ‘భాష పట్టుబడింది’ అంటాం.

ఒక నియమం గుర్తుంచుకోండి. “పిక్ అప్ ద బుక్”, “పిక్ ద బుక్ అప్” - రెండూ ఒప్పే. కానీ ‘ఇట్’, ‘మి’, ‘హిమ్’, ‘దెమ్’ లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి. “పిక్ ఇట్ అప్” ఒప్పు, “పిక్ అప్ ఇట్” తప్పు.

ఒక్క మాటకు ఇన్ని అర్థాలేమిటని ఇంగ్లీషు మీద విసుక్కోకండి. మన ‘పట్టు’ సంగతి చూడండి. చేపలు పడతాం, నిద్ర పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, పనికి గంట పడుతుంది. తెలుగు నేర్చుకునేవాళ్లు దీన్ని చూసి ఎంత తికమకపడతారో!

ఇప్పుడు ఏడో అర్థం దగ్గర కాసేపు ఆగుదాం. బదిలీల మీద తిరిగే పిల్లలకు ఇది బాగా అచ్చొచ్చిన మాట. జోర్‌హాట్‌లో ఉన్నప్పుడు అస్సామీ, బీదర్‌లో కన్నడం నాకు ఆటస్థలంలోనే పట్టుబడ్డాయి. తెలుగు ఇంట్లోనే వచ్చింది. అయితే అదంతా చెవితో వచ్చిన చదువు. తాతయ్య దగ్గర నుంచి ఉత్తరం వస్తే అమ్మ చదివి వినిపించాల్సిందే. తర్వాత తాతయ్యకు వినికిడి తగ్గింది. ఫోన్ ఎత్తినా నా మాటలు ఆయనకు వినపడవు. ఆయనతో మాట్లాడాలంటే ఉత్తరం తప్ప వేరే దారి లేకపోయింది. నాకేమో ‘అ’ రాయడం రాదు!

ఆ వేసవి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని గుణింతాలు, ఒత్తులు దిద్దాను. అప్పుడు తెలిసింది ‘పిక్ అప్’కూ ‘లెర్న్’కూ తేడా. మాట వినివిని పట్టుబడుతుంది. రాత కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది. అందుకే ‘లెర్న్’ను ‘పిక్ అప్’ బదులు వాడవచ్చు గాని, ‘పిక్ అప్’ను ‘లెర్న్’ ఉన్న ప్రతిచోటా వాడకూడదు.

బదిలీ ఉద్యోగి భాష నేర్చుకోవడం కొత్త సంగతేమీ కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో మద్రాసు వచ్చి, 1820లో ఉద్యోగం మీద కడప చేరారు. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి... ఆయనవీ బదిలీలే. నలుగురూ మాట్లాడుకునేది విని ఊరుకోకుండా, పండితుల సాయంతో తెలుగు గ్రంథాలు చదివారు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. నేటికీ దాన్ని తిరగేస్తున్నాం.

తాతయ్యకు నేను రాసిన మొదటి ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది, జవాబుతో పాటు తిరిగి పంపారు. ఈమధ్య ఉత్తరంలో రెండే!

అభ్యాసం: కింది వాక్యాల్లో ‘పిక్ అప్’ బదులు తగిన సమానార్థకం రాయండి.

క) ప్లీజ్ పిక్ అప్ ద ఫోన్.
చ) బిజినెస్ పిక్డ్ అప్ ఆఫ్టర్ దీపావళి.
ట) లెటస్ పిక్ అప్ వేర్ వుయ్ లెఫ్ట్ ఆఫ్.

జవాబులు: క) ఆన్సర్, చ) ఇంప్రూవ్డ్, ట) రిజ్యూమ్. మూడోది విన్నప్పుడు సంచీ మాత్రం ఎత్తకండి!