ఇంజను దీపము వెలిగినప్పుడు

మోటారు కారు నడుపువాని యెదుటనున్న పలకమీద ఇంజను బొమ్మ గల చిన్న పసుపుపచ్చ దీపమొకటి యుండును. తాళము త్రిప్పగానే వెలిగి, ఇంజను నడువసాగిన పిమ్మట అది యారిపోవలెను. ఆరకున్నను, దారిలో వెలిగినను, ఇంజను పనిలోనో, పొగను శుద్ధిచేయు సాధనములలోనో లోపము కనబడినదని యర్థము. గాలి చెడకుండుటకై యిట్టి స్వయంపరీక్షను అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1996 మోడలు కార్లనుండి తప్పనిసరి చేసిరి. ఇప్పుడు మన దేశపు క్రొత్త కార్లలోను ఇది యున్నది. బాగుగా నడుచుచున్న బండికి ఆయిలు, ఫిల్టరు మార్పించిన మరునాడే యీ దీపము వెలిగినయెడల ఏమి చేయవలెను? మాకు కలిగిన యనుభవమునుబట్టి యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఒకమారు మా కారునకు ఇంజను ఆయిలును, గాలి ఫిల్టరును మార్పించి తెచ్చితిమి. మరునాడు దీపము వెలిగెను. బండి నిలిచియున్నప్పుడు ఇంజను వణకుచుండెను. మేము కోపముతో మరమ్మతు షెడ్డునకు పోయి, పనిచేసిన కుఱ్ఱవానిని నలుగురిలో మందలించితిమి. యజమాని వాని ఆనాటి కూలిని కోసివేయుదుననెను. కుఱ్ఱవాడు ఎదురాడలేదు. మూత యెత్తి చూచి, "మాస్టారూ, మేము బిగించినాక దీన్ని ఎవరైనా విప్పినారా?" అని మాత్రమడిగెను. మేము నిరుత్తరులమైతిమి. ముందునాటి సాయంకాలము విద్యార్థులకు ఫిల్టరును చూపుటకై ఆ పెట్టెను విప్పినవారము మేమే. మరల మూయునప్పుడు రబ్బరు గొట్టపు క్లిప్పును బిగించుట మరచితిమి.

ఇందలి కారణము సులభముగా బోధపడును. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు, తూకమున దాదాపు 14.7 పాళ్ల గాలి కావలెను. మా కారులో ఫిల్టరు దాటినచోట ఒక సెన్సరు లోనికి పోవు గాలిని కొలుచును. ఆ కొలతనుబట్టి కంప్యూటరు పెట్రోలును వదలును. గొట్టము వదులైనందున, కొలతకు రాని గాలి సందులోనుండి చొచ్చెను, పెట్రోలు చాలలేదు. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సరు ఆ కొఱతను కనిపెట్టెను. కంప్యూటరు పెట్రోలును హెచ్చించి చూచి, దిద్దుబాటు హద్దు దాటినందున దీపమును వెలిగించెను.

స్టీరింగు దగ్గర, పలక క్రిందనుండు పదునారు పిన్నుల సాకెట్టునకు స్కానరును తగిలించినచో లోపపు సంఖ్య కనబడును. మాకు కనబడినది పి 0171. మిశ్రమములో పెట్రోలు తక్కువ యని దాని భావము. ఈ సంఖ్య లక్షణమును చెప్పును గాని, చెడిన భాగము పేరు చెప్పదు. జ్వరమానిని చూచి వేడి యెంతయో తెలిసికొందుము గాని, రోగమేదో తెలిసికొనలేము గదా! సంఖ్యను చూడగానే ఆక్సిజన్ సెన్సరును మార్పించియుండినచో డబ్బు పోయెడిది, దీపము ఆరెడిది కాదు. సంఖ్యను వ్రాసికొనకముందే చెరిపివేయుటయు తప్పే. లోపము పుట్టినప్పటి వివరములును దానితో చెరిగిపోవును.

కావున, పిల్లలారా, ఈ వరుసను జ్ఞప్తియందుంచుకొనుడు. మొదట ఏ దీపమో చూడవలెను. ఆయిలు డబ్బా బొమ్మగల ఎఱ్ఱదీపము వేఱు. అది వెలిగినచో వెంటనే బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. పసుపు దీపము ఆరుచు వెలుగుచు నున్నచో, ఇంజనులో పెట్రోలు సరిగా మండుట లేదు. మండని పెట్రోలు పొగగొట్టములోని కేటలిటిక్ కన్వర్టరును మితిమీరి కాచి పాడుచేయును గనుక, అప్పుడును ఆపవలెను. దీపము నిలకడగా వెలుగుచున్నచో తొందరపడ పనిలేదు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, కడపట చేయి తగిలిన చోట్లను చూడవలెను. ఆయిలు కొలుచు పుల్ల పూర్తిగా దిగినదా? ఆయిలు పోయు మూత బిగిసినదా? గాలి గొట్టపు క్లిప్పు బిగిసినదా? సెన్సరు తీగెల ప్లగ్గు గట్టిగా కూర్చున్నదా? పెట్రోలు ట్యాంకు మూత సరిగా తిరిగినదా? ఇవన్నియు సరిగా నున్నప్పుడే క్రొత్త భాగముల మాట తలపెట్టవలెను.

కుఱ్ఱవాడు స్క్రూడ్రైవరుతో క్లిప్పును బిగించెను. వణకు నిలిచెను. లోపము మరల కనబడనందున, కొన్ని ప్రయాణముల పిమ్మట దీపము దానంతట అదే యారెను. నలుగురిలో మందలించితిమి గనుక నలుగురిలోనే వానిని క్షమాపణ కోరితిమి. తప్పు మాదని యజమానితో చెప్పి, వాని కూలి నిండుగా చేతబడువరకు అక్కడనే నిలిచితిమి. లోపమును వెదకువాడు కడపట తాకిన చేతినుండి వెదకవలెను; ఆ చేయి తనదే యైనను సంకోచింపరాదు.