బండి రంగు మారితే ఆర్సీ సంగతేమిటి?

మోటారుసైకిల్‌పై స్ప్రే చేసి, వద్దనుకున్నప్పుడు తొక్కలా ఒలిచేసే రబ్బరు పూతను షెడ్లలో ‘రబ్బరు పెయింట్’ అనీ, ‘డిప్’ అనీ అంటారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో తయారయ్యే ‘ప్లాస్టి డిప్’ అనే సరుకు పేరే ఈ రకం పూతలన్నిటికీ వాడుకపేరైంది. అసలు రంగు మీద దీన్ని పల్చగా నాలుగైదు పొరలు కొడతారు. పూత మరీ పల్చనైతే ఒలిచేటప్పుడు ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది. ట్యాంకు మూత చుట్టూ పెట్రోలు ఒలికితే ఆ మేర మెత్తబడి జిగురుగా మారి, కింద పాత రంగు బయటపడుతుంది. ఎప్పుడంటే అప్పుడు తీసేయగలిగేది కాబట్టి చట్టానికి దీనితో పని లేదని చాలామంది అనుకుంటారు. మోటారు వాహనాల చట్టంలో అలాంటి మినహాయింపు లేదు.

కొత్త బండి రిజిస్ట్రేషన్ కోసం పెట్టే ఫారం 20లోనే రంగు రాయాల్సిన గడి ఉంది. అక్కడ రాసిన రంగే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరుతో పాటు ఆర్సీలోకి ఎక్కుతుంది. 1988 నాటి చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలకూ తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. అయితే ఆ సెక్షన్ చివర్లో ఒక వివరణ ఉంది. మార్పు అంటే వాహన నిర్మాణంలో చేసి, దాని మౌలిక లక్షణాన్నే మార్చేసేదని దాని అర్థం. రంగు వేసినంత మాత్రాన నిర్మాణం మారదు కదా అన్న వాదన ఇక్కడి నుంచే వస్తుంది. అది బలమైన వాదనే. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని చెప్పినప్పుడు కూడా ప్రధానంగా చర్చకు వచ్చింది వాహన నిర్మాణమే.

చిక్కేమిటంటే, ఈ వాదన కోర్టులో వినిపించడానికి పనికొస్తుంది గానీ తనిఖీ జరిగే కూడలిలో అంతగా అక్కరకు రాదు. ఆర్సీలో నలుపు, కళ్లెదుట ఎరుపు కనిపిస్తే అధికారికి కలిగే మొదటి అనుమానం దొంగబండి అనే. అనుమతి లేని మార్పులకు 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రత్యేక శిక్ష లేని ఉల్లంఘనలకు వర్తించే 177వ సెక్షన్ కిందయితే జరిమానా మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ జరిగితే 1,500 రూపాయల వరకు ఉంటుంది.

పోలీసు అధికారానికీ హద్దులున్నాయి. 207వ సెక్షన్ కింద బండిని ఆపి ఉంచుకోవడానికి చట్టం చెప్పిన కారణాలు లైసెన్సు లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం వంటివి. రంగు తేడా వాటిలో లేదు. చోరీ సొత్తన్న అనుమానం ఉంటే మాత్రం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు యజమానిని ఆదుకునేది ఛాసిస్ నంబరు. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద చెక్కి ఉండే ఆ అంకెల మీదికి పూత పోకుండా ముందే టేపు అంటించుకోవాలి. నంబరు ప్లేటు, లైట్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు మీద కూడా పూత పడకూడదు.

ఒక రంగు జోలికి మాత్రం అసలే పోకూడదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ఆలివ్ గ్రీన్ రంగును రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో తెచ్చిన ‘క్లాసిక్ 500 పెగాసస్’ విదేశాల్లో ఆలివ్ గ్రీన్‌లో కూడా దొరికినా, ఇక్కడ గోధుమ రంగులోనే అమ్మారు. మిలిటరీ లుక్ కోసం స్ప్రే డబ్బా కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మేలు.

చక్రాల అంచులకో, సైలెన్సర్ మీది రేకుకో నల్ల పూత వేసుకుంటే బండి రంగు మారినట్టు కాదు. ట్యాంకు, సైడ్ ప్యానెళ్లు, మడ్‌గార్డులు అన్నీ మారితే మాత్రం ఆర్సీలోనూ మార్పు చేయించుకోవడమే సురక్షితం. పూత వేయించే ముందే ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రాలతో ఆర్టీఏ కార్యాలయంలో దరఖాస్తు చేసుకుని, నిర్ణీత రుసుము కట్టి, ఇన్‌స్పెక్టరుకు బండి చూపించాలి. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ సంస్థ నుంచి రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్పు చేసినవారు 14 రోజుల్లోగా తాము నివసించే ప్రాంత రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని 52వ సెక్షనే చెబుతోంది. ఒలిచేసే పూతతో అసలు తలనొప్పి ఇక్కడే. కొత్త రంగు ఆర్సీలోకి ఎక్కాక పూత తీసేస్తే మళ్లీ తేడా వచ్చినట్టే, మళ్లీ నమోదు చేయించుకోవాల్సిందే. నెలకో రంగు మార్చే సరదాకు ఈ తిరుగుడు తోడవుతుంది.

ప్రమాదం జరిగితే ఎదుటివారికి దక్కాల్సిన థర్డ్ పార్టీ పరిహారాన్ని రంగు తేడా సాకుతో బీమా సంస్థ ఎగ్గొట్టలేదు. అది తప్పించుకోవడానికి 150వ సెక్షన్ ఇచ్చిన కారణాల్లో రంగు లేదు. సొంత బండి నష్టం విషయం వేరు. సర్వేయరు సాధారణంగా కంపెనీ రంగుకే లెక్క కడతాడు. పూత ఖర్చు కూడా రావాలంటే పాలసీ తీసుకునేటప్పుడే దాని విలువ చెప్పి, పాలసీలో చేర్పించుకోవాలి.

అమ్మేటప్పుడు పూత ఒలిచేసి ఆర్సీలోని రంగుతోనే బండిని అప్పగించాలి, లేదంటే ముందు ఆర్సీ సరిచేయించుకోవాలి. రాష్ట్రంలోనే యాజమాన్యం మారితే ఆ సంగతి తెలపడానికి అమ్మినవారికి 14 రోజులు, కొన్నవారికి 30 రోజులు గడువుంటుంది. రంగు తేడా ఈలోగా బయటపడితే బదిలీ ఆగిపోవచ్చు. బండి కొనుగోలుదారు చేతిలో ఉన్నా, రికార్డులో మాత్రం అప్పటిదాకా పాత యజమాని పేరే ఉంటుంది.