ఫోనులో వాక్యము చదువుట

చదువవలసిన భాగము: యిర్మీయా 29:1–14



ఇప్పుడు మన పల్లెలలో ఫోను లేని ఇల్లు అరుదు. పరిశుద్ధ గ్రంథమంతయు అందులో ఇమిడియున్నది. చూపు మందగించిన పెద్దలు అక్షరములు పెద్దవి చేసికొని చదువుచున్నారు. చదువురాని తల్లులు చెవులార వినుచున్నారు. ఇందునుబట్టి దేవుని స్తుతింతము. అయితే మనము చదువు విధము ఎట్టిదో పరీక్షించుకొనుట మంచిది.

ముందుగా మా తప్పు ఒప్పుకొనుచున్నాము. ప్రతి ఉదయము పూలబొమ్మతో ఒక వచనమును వాట్సాప్‌లో సంఘమునకు పంపుట మా వాడుక. ఒక దినమున యిర్మీయా 29:11 పంపితిమి. దేవుడు తన ప్రజలకు మేలే తలంచుచున్నాడని తెలుపు వచనమది. ఆ దినమే సదుం రైతు సహోదరుడొకరు టమాటాలు మదనపల్లె మండీకి తోలుకొనిపోగా ధర పడిపోయెను. సాయంకాలము అతడు మా యింటికి వచ్చి, “అయ్యగారూ, పొద్దున మీరు పంపిన మాట నమ్మి పోతిని. బండి బాడుగ కూడా రాలేదు. ఆ మాట దేవుడు నాకు చెప్పిందేనా?” అని అడిగెను.

మాకు వెంటనే జవాబు తోచలేదు. బొమ్మను చూచి పంపితిమే గాని ఆ అధ్యాయమును మేమును తెరువలేదు. ఆ రాత్రి ఇద్దరము కూర్చుండి మొదటినుండి చదివితిమి.

అది ఒక ఉత్తరము. నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు కొనిపోయిన వారికి యెరూషలేమునుండి యిర్మీయా దానిని పంపెను. దానికి ముందు అధ్యాయములో హనన్యా అనువాడు రెండేండ్లలో అంతయు చక్కబడునని ప్రకటించెను. వినుటకు అది తీపి మాట, గాని దేవుడు పలికినది కాదు. యిర్మీయా ఉత్తరమైతే ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణము కొరకు ప్రార్థించుడి అని బోధించుచున్నది. మనము పంపు పదునొకండవ వచనమునకు పైనున్న పదియవ వచనము డెబ్బది సంవత్సరములని చెప్పుచున్నది. ఆ ఉత్తరము విన్న ముసలివారిలో అనేకులు తిరిగి స్వదేశము చూడనేలేదు. అయినను దేవుడు వారిని మరువలేదు. కాబట్టి ఆ వాగ్దానము నేటి మండీ ధరను గూర్చినది కాదు. దీర్ఘకాలము కనిపెట్టువారిని దేవుడు విడువడని చెప్పునది.

సహోదరుడు కొంతసేపు ఊరకుండి, “అంతకాలం కాచుకున్నోళ్లకు చెప్పిన మాటయితే నాకూ పనికొస్తుంది” అనెను. అతని అప్పు ఆ రాత్రి తీరలేదు. దేవుడు తనను మోసగించెనను తలంపు మాత్రము తొలగెను.

మదనపల్లెలో సేవచేసిన డాక్టర్ జేకబ్ చేంబర్లెయిన్‌గారు 1863లో సువార్త పుస్తకములతో హైదరాబాదు రాజ్యము మీదుగా దాదాపు 1,200 మైళ్లు ప్రయాణము చేసిరి. తరువాత తెలుగు బైబిలు సవరణ పనిలో ఏండ్ల తరబడి పాటుపడిరి. ఒక్కొక్క మాటను తూచి చూచిన వారి కష్టఫలమును మనము బొటనవ్రేలితో క్షణములో దాటించి వేయుచున్నాము.

కాబట్టి వచనము ఫోనులో వచ్చినప్పుడు మూడు సంగతులు అడుగుడి. పలికినదెవరు? ఎవరితో? దానికి ముందు వెనుక ఏమున్నది? అధ్యాయమంతయు చదివిన తరువాతనే ఇతరులకు పంపుడి. మన విశ్వాసమును ఆక్షేపించు వీడియో వచ్చినను భయపడి దాచవద్దు, కోపపడి పోట్లాడవద్దు. ఇదే విధముగా పరిశోధించుడి. బెరయవారు పౌలు బోధను సహితము లేఖనములతో సరిచూచిరి, అందుకు వారు ఘనులని యెంచబడిరి (అపొ. కార్య. 17:11). పిల్లలు ప్రశ్న అడిగిన గద్దింపక వారితో కూర్చుండి చదువుడి.

మేము ఇప్పుడును ఉదయమున పంపుచున్నాము. అయితే వచనము కాదు, అధ్యాయము పేరు. సాయంకాలము కుటుంబముగా దానిని చదువుకొనుడి.

ఆలోచించుడి: ఈ వారము మీరు ఇతరులకు పంపిన వచనము ఏది? అది మొదట ఎవరితో చెప్పబడినది?